మా ఇంట్లో అనకూడని మాట

పాపకు అన్నిటికంటే ముందు నేర్పాల్సిన మాట 'వద్దు' అని మేడం చెప్పిన రోజు మా అత్తమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

అలిగి కాదు, భయపడి. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరితే కొండెక్కిందంటాం, బయటికి పోతూ వస్తానంటాం. కడుపు పగిలేలా తిన్నాక ఇంకా వడ్డించబోతే చాలు అనాలే తప్ప వద్దు అనకూడదు. అంటే ఇంటి లక్ష్మి వింటుందని, వద్దన్నారు కదా అని లేచి వెళ్లిపోతుందని అత్తమ్మ నమ్మకం. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఒకసారి నోరు జారి, రొట్టె వద్దన్నాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, నా బదులు తనే "చాలు, చాలు" అని గోడలకు వినపడేలా అరిచింది. నాకు నవ్వాగలేదు. ఆ కోపం ఆమెకు చాలా రోజులు ఉండింది.

అలాంటి ఇంట్లో మా పాప పుట్టింది. నాలుగేళ్లు నిండినా దానికి మాటలు గుప్పెడే. నీళ్లు, రొట్టె, బాబిన్, అంతే అనుకోండి. పిలిస్తే తిరిగి చూడదు కానీ పక్క షెడ్డులో మగ్గం ఆగితే వెంటనే తలెత్తి చూస్తుంది. జొన్నరొట్టె తింటుంది, అదీ కరకరలాడే కడక్ రొట్టె, అదీ అంచు ఎక్కడా విరగనిదైతేనే. విరిగితే ఆ రోజుకు రొట్టె లేదు, మాకు శాంతి లేదు. పెద్దాసుపత్రిలో డాక్టరు ఆటిజం అన్నాడు. చుట్టాల్లో ఒకరు దిష్టి అన్నారు, ఇంకొకరు నేను బీడీలు చుట్టడం వల్లే అన్నారు. ఆ మాటన్నావిడ తనూ బీడీలు చుడుతూనే నలుగురిని కంది. నలుగురూ కాకుల్లా అరుస్తారు. ఆ సంగతి ఆమెకే గుర్తుచేసి వచ్చాను.

అప్పుడు మేముండేది సోలాపూర్ నీలం నగర్‌లో ఒక గది, ఒక వసారా. గోడకు అవతల పవర్లూమ్ షెడ్డు. మా ఆయన పని మాత్రం కుంఠా నాకా దగ్గర వేరే షెడ్డులో, చద్దర్లు నేస్తాడు. పాప పుట్టినప్పటినుంచి ఆ గోడ అవతలి కటకటలోనే పెరిగింది. దాని చోటు ట్రంకు పెట్టెకూ గోడకూ మధ్య సందు. అక్కడ కూర్చుని తలమీదుగా పాత చద్దరు కప్పుకుంటుంది. మా ఆయన పెళ్లి కాకముందు నేసిన చద్దరు అది; నెమళ్ల అంచు, బరువైంది, ఉతికి ఉతికి మెత్తబడింది, ఒక మూల చినిగింది. ఎంత ఏడుపులో ఉన్నా అది మీద పడితే కాసేపటికి ఊపిరి నెమ్మదిస్తుంది. పిల్లకు బరువు హాయినిస్తుందని తర్వాత మేడం చెప్పింది. మాకు కారణం తెలియకపోయినా సంగతి ముందే తెలుసు.

మేడం అంటే థెరపీ సెంటర్లో మా పాపను చూసే మరాఠీ అమ్మాయి. నాకంటే చిన్నది, నన్ను తాయీ అని, అంటే అక్కా అని పిలుస్తుంది, ఓపిక మాత్రం నాకు పదింతలు. ఆమె ఒకరోజు పాప మణికట్టు పట్టుకుని నాకు చూపించింది. పళ్లగాట్లు. నాకు తెలియనివి కావు. ఇష్టంలేనిది ఏదైనా మీదికి వస్తే పాప తన చెయ్యి తనే కొరుక్కుంటుంది. "తాయీ, దానికి 'వద్దు' అనడం రాదు కాబట్టి చెయ్యి కొరుకుతోంది. ముందు ఆ ఒక్క మాట ఇద్దాం. మాట రాకపోతే కనీసం చేత్తోనైనా చెప్పనిద్దాం" అంది. పద్ధతి చాలా సులువు. పాపకు నచ్చనిది దగ్గరికి తేవాలి. దాని అరచెయ్యి మన చేత్తో ముందుకు చాపించి, "వద్దు" అని మనమే అనాలి. అన్న మరుక్షణం ఆ వస్తువు తీసేయాలి. బతిమాలకూడదు, ఇంకొక్కటి అనకూడదు. వద్దంటే లోకం వెనక్కి తగ్గుతుందని పిల్లకు నమ్మకం కుదరాలి. ఒక్కరు ఒకసారి ఆ నమ్మకం చెడగొట్టినా మళ్లీ మొదటికే వస్తామని మేడం గట్టిగా చెప్పింది.

ఇంటికి వచ్చి ఇదంతా చెప్తే అత్తమ్మ బీడీల చాట పక్కన పెట్టేసింది. ఆమె కూడా బీడీలే చుడుతుంది, నాకంటే వేగంగా.

"ఆడపిల్ల నోట్లె మొట్టమొదలు వద్దనే మాట పెడ్తవా? పూజకాడ వద్దు, పెండ్లికాడ వద్దు, అన్నంకాడ వద్దు. రేపు దాని బతుకంత వద్దే అయితది."

"దాని చెయ్యి చూడు అత్తమ్మా. ఆ గాట్లకంటె వద్దు అన్న మాట పాడుదా?"

చెయ్యి చూసింది. కళ్లు తుడుచుకుంది. అయినా ఓడిపోదు కదా. కాసేపు ఆలోచించి, "సరె, నకో అని నేర్పు. అది మరాఠీ. మనకు దోషం అంటదు" అంది.

"సోలాపూర్ల ఇన్నేండ్లు ఉన్నది, లక్ష్మీదేవికి మరాఠీ రాదంటవా?"

మా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. అత్తమ్మ ఆ పూట తినలేదని చెప్పాను కదా, ఆ పూట ఇదే.

నేర్పడం మొదలుపెట్టాను. పాపకు మెత్తటి అరటిపండంటే అసహ్యం, అదే మా పాఠం. పండు తెస్తాను, చెయ్యి చాపిస్తాను, "వద్దు" అంటాను, పండు వెనక్కి తీసుకుంటాను. కొన్నాళ్లకు పాప తనంతట తనే అరచెయ్యి చాపింది. మాట రాలేదు, చెయ్యి వచ్చింది. నాకు అది చాలు. పక్కింటి అక్క దగ్గరికి పరుగెత్తుకెళ్లి చెప్పాను. అత్తమ్మకు మాత్రం ఆ చెయ్యి కనపడేది కాదు. పాప అరచెయ్యి చాపి కూర్చున్నా పక్కనుంచి ముద్ద నోట్లోకి తోసేది. అడిగితే, "చెయ్యే గద అడ్డం పెట్టింది, నోటితోటి అనలే గద" అనేది. కోర్టులో వకీలు కూడా అంత బాగా తప్పించుకోడు.

పక్కింటి అక్క గురించి చెప్పాలి. ఇలాంటి పిల్లలున్న ఇంటికి వచ్చి, ఏమన్నా సాయం కావాలంటే చెప్పమని అందరూ అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఏం చెయ్యాలో వాళ్లకు తెలియదు, మనకేమో అడగాలంటే మొహమాటం. ఆ మాట అక్కడే గుమ్మంలో ఎండిపోతుంది. నేను మొహమాటం మానేశాను. అక్క కూడా ఆ మాటే అన్నప్పుడు వెంటనే పని చెప్పేశాను.

"నేను చుట్టిన బీడీలు కార్ఖానల అప్పజెప్పి వచ్చెదాక మా గుమ్మంల కూసో. నీ బీడీలు నువ్వు చుట్టుకో. పాపను ఆడియ్యకు, మాట్లాడియ్యకు. అది లేచి బయటికొస్తె మాత్రం చెయ్యి పట్టి గుంజకుంట ముందల నిలబడు."

"గంతేనా? గిదేం సాయమే?"

"నాకు గదే కావాలె అక్కా."

ఆమె అచ్చంగా అంతే చేసింది, ప్రతిసారీ. వాడలో మిగతా ఆడవాళ్లకు ఇంకో పని పెట్టాను: బుగ్గలు గిల్లకపోవడం. గిల్లాలని మరీ చెయ్యి దురదపెడితే ఇంటికి పోయి ఎవరి మొగుణ్ని వాళ్లు గిల్లుకోమన్నాను. మొదట ముఖం మాడ్చుకున్నారు, తర్వాత అదే మాట చెప్పుకుని నవ్వుకున్నారు, మొత్తానికి గిల్లడం ఆగింది.

ఇంతలో కుంభారిలో మాకు ఇల్లు వచ్చింది. బీడీ చుట్టేవాళ్లకూ మగ్గం పనివాళ్లకూ కట్టిన పెద్ద కాలనీ. సొంత ఇల్లు, సొంత కొళాయి, వానకు కారని కప్పు. మా ఆయన తాళంచెవి తెచ్చి దేవుడి పటం దగ్గర పెట్టాడు. అత్తమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ నా ఏడుపు వేరు. అంతకు ముందు ఏడాది సిరిసిల్ల దగ్గర మా వాళ్ల పెళ్లికి పాపను తీసుకెళ్లాం. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, బ్యాండు మేళం. తిరిగి వచ్చాక పాప నోట్లోంచి ఒక్క మాట రాలేదు. నీళ్లు అనే మాట కూడా పోయింది. నెలల తరబడి కూర్చుని వాటిని మళ్లీ ఒక్కొక్కటిగా తెచ్చుకున్నాం. ఒక పెళ్లికే అట్లా అయితే ఇల్లు మారితే ఏమవుతుంది? ఉన్న గుప్పెడు మాటలూ పోతాయా? నాకు కొత్త కప్పు కంటే ఆ గుప్పెడు మాటలే ముఖ్యం.

మేడం దగ్గర ఏడిస్తే, "ఒక్కరోజులో మార్చకండి. కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. పాతవి తనతో వెళ్లనివ్వండి" అంది. సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన సగం వినగానే తల ఊపాడు.

"సాంధణి లెక్కనే గద."

మగ్గం మీద పడుగు అయిపోవస్తే పాత దారాలను పీకేయరు. కొత్త పోగులు చుట్టిన బీము తెచ్చి వెనక పెట్టి, పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే ముడివేస్తారు. ఆ ముడివేసే పనినే మేం సాంధణి అంటాం. ముడివేశాక పాత దారం ముందుకు పోతూ కొత్తదాన్ని తన వెంట లాక్కుపోతుంది. కొత్తదాన్ని మొదటినుంచీ ఎక్కించాలంటే ఎన్నో పాట్లు. ఈ మాట చెప్పి ఆయన, "మన పిల్లకు కూడ ముడులేసుకుంట పోదాం" అన్నాడు. మా ఆయన మాటకారి కాదు. ఆరోజు మాత్రం నాకు ముద్దొచ్చాడు.

ముడులు వేయడం మొదలుపెట్టాం. మొదట కుంభారి బస్సెక్కి కాలనీ దగ్గర దిగకుండానే తిరిగొచ్చాం. కండక్టరు మమ్మల్ని పిచ్చివాళ్లనుకుని ఉంటాడు. తర్వాత దిగి ఇల్లు బయటినుంచి చూసి వచ్చాం. ఆ తర్వాత లోపలికి వెళ్లి, చద్దరు పరిచి, విరగని కడక్ రొట్టె తినిపించి వచ్చాం. రొట్టె విరగకుండా ఉండాలని రెండు స్టీలు పళ్లేల మధ్య పెట్టి గుడ్డతో కట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చునేదాన్ని. ఏదో పెద్ద నగలున్నాయనుకుని పక్కనావిడ ఒకసారి ఆరా తీసింది. రొట్టె అని చెప్తే నమ్మలేదు. కుంభారిలో మగ్గాల చప్పుడు లేదు కదా, అందుకని మా ఆయన షెడ్డులో మగ్గం పక్కన నిలబడి ఆ కటకట ఫోనులో రికార్డు చేసుకొచ్చాడు. కొత్తింట్లో అది పెడితే పాప గోడకు చెవి ఆనించింది. గోడలోంచి రావడం లేదని తెలుసుకుని ఫోను తీసుకుని ఆ గోడకే ఆనించి పెట్టింది. అంతే, ఆ మూల దాని మూల అయిపోయింది. కిటికీ కింద, చద్దరు కప్పుకుని, గోడకు ఫోను పెట్టుకుని. నీళ్లు అనే మాట ఆ ఇంట్లో కూడా అంది. నేను గర్వంతో ఉబ్బిపోయాను, దాచుకోను.

గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాం. రెండు రోజుల ముందు నేను కార్ఖానాకు వెళ్లి వచ్చేసరికి వసారాలో కొత్త స్టీలు గిన్నె తళతళలాడుతోంది. పక్కనే అత్తమ్మ, అంతకంటే తళతళలాడుతూ.

"పాలు పొంగియ్యనీకె మంచిగున్నది గదా? బోహారీణ్ వచ్చింది."

బోహారీణ్ అంటే పాత బట్టలు తీసుకుని గిన్నెలిచ్చే ఆమె. సోలాపూర్ వాడలన్నీ తిరుగుతుంటుంది. ట్రంకు పెట్టె పక్కకు వెళ్లి చూశాను. సందు ఖాళీగా ఉంది. పాప ఖాళీ నేల మీద కూర్చుని గోడను వేళ్లతో తడుముతోంది.

"చద్దరేది?"

"అదే గద ఇచ్చిన. కొత్తింట్లెకు చినిగిన బట్ట తీస్కపోతరా ఎవలన్న? దరిద్రం. బరువున్నదని ఆమె ఈ పెద్ద గిన్నె ఇచ్చింది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏమన్నానో అంతా రాయను. అత్తమ్మను అప్పటిదాకా అంతంత మాటలు అనలేదు, ఆ తర్వాతా అనలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వాడలన్నీ తిరిగాను. బోహారీణ్ ఎటు వెళ్లిందో ఎవరూ చెప్పలేకపోయారు. తిరిగి వచ్చేసరికి పక్కింటి అక్క గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతోంది. అత్తమ్మ పొయ్యి దగ్గర గోడవైపు తిరిగి కూర్చుంది. చీరలు, పాత పంచెలు ఇస్తే తీసుకుపోయే ఆమెకు మా అత్తమ్మ మంచి మనసుతోనే చద్దరిచ్చింది, కొత్తింటికి మేలు జరగాలనే ఇచ్చింది. అది నాకు తెలుసు. తెలిసినా కోపం పోలేదు.

మా ఆయన ఆ సాయంత్రం షెడ్డునుంచి అచ్చం అదే నెమళ్ల అంచు చద్దరు తెచ్చాడు. కొత్తది. గంజి వాసన, అట్టలా బిరుసు. అత్తమ్మ దాన్ని పట్టుకెళ్లి ఉతికింది. ఆరాక మళ్లీ ఉతికింది. పాప మీద కప్పబోతే పాప అరచెయ్యి చాపింది. నేను వెంటనే తీసేశాను. అత్తమ్మ ఈసారి ఆ చెయ్యి చూసింది.

ముహూర్తం ఆపుదామా అని మా ఆయన అడిగాడు. ఆలోచించాను. ఒక పోగు తెగింది, నిజమే. మిగతా పోగులున్నాయి కదా. రొట్టె ఉంది, కిటికీ కింద మూల ఉంది, మగ్గం చప్పుడు ఉంది, తోడు వస్తానన్న అక్క ఉంది. ఆపొద్దన్నాను. అత్తమ్మ ఇంట్లో లేనప్పుడు అన్నాను లెండి.

ఆరోజు చుట్టాల కంటే ముందు మేమే వెళ్లాం. పాపను దాని మూలలో కూర్చోబెట్టి, గోడకు ఫోను ఆనించి, మగ్గం పెట్టాం. అక్క గుమ్మం దగ్గర ఆ కొత్త బండమీద చాట పెట్టుకుని కూర్చుంది. పండగ పూట బీడీలేంటని ఎవరో అంటే, "నేను పనిమీదొచ్చిన" అంది. అత్తమ్మ పొద్దున్నే అందరినీ నిలబెట్టి కట్టడి చేసింది. ఈరోజు ఎవరూ లేదు అనొద్దు, అయిపోయింది అనొద్దు, ఇంకో మాట ఉంది కదా, అది అసలే అనొద్దు. ఆ ఇంకో మాట ఏదో తను చెప్పను కూడా చెప్పలేదు. పాలు ఆ గిన్నెలోనే పొంగాయి. తూర్పుకు పొంగాయని అందరూ సంబరపడ్డారు. నాకు ఆ గిన్నె చూడబుద్ధి కాలేదు.

తర్వాత చుట్టాలు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్లూ కిటికీ దగ్గరే నిలబడ్డారు, గాలి అక్కడే వస్తుంది కనుక. నేను వంటింట్లో ఉన్నాను. మా ఆయన పెద్దమ్మ ఒకావిడ, "కొత్తింట్ల లక్ష్మి లెక్క తిరగాలె గని పిల్ల గిట్ల మూలకు కూసుంటదా? లే బిడ్డా, లే" అని పాప చెయ్యి పట్టి లేపుతోంది. ఇంకెవరో గొడవగా ఉందని ఫోను ఆపేశారు. మగ్గం ఆగింది. నేను చేతిలో గరిటెతోనే బయటికి వచ్చాను. పాప మణికట్టు నోటికి చేరుతోంది. ఆ సరికే అత్తమ్మ పరుగున వచ్చి, మనవరాలు బెదిరిందని, తన చేతులతో ఉతికిన ఆ కొత్త చద్దరు తెచ్చి పిల్ల నెత్తిమీద నిండుగా కప్పింది. ప్రేమతోనే కప్పింది. గంజి వాసనంతా పిల్ల ముఖం మీద పడింది.

చద్దరు కిందినుంచి ఒక చిన్న చెయ్యి బయటికి వచ్చింది. కొరకడానికి కాదు. అరచెయ్యి చాపి ఉంది. తర్వాత మాట వచ్చింది.

"వద్దు."

ఇల్లంతా వినిపించేలా, స్పష్టంగా, అచ్చం నా గొంతుతో నేను అరటిపండు ముందు పెట్టి అనేటట్టే అంది. పొంగిన పాలు ఇంకా పొయ్యి మీదే ఉన్నాయి. ముహూర్తం దాటి గంట కూడా కాలేదు. కొత్తింట్లో, అందరి ముందు, అనకూడని ఆ మాట. అందరూ మా అత్తమ్మ ముఖంలోకే చూశారు. నేనూ చూశాను. నాకు లక్ష్మి సంగతి గుర్తు రాలేదు. ఒకటే భయం. ఇంతకాలం తర్వాత పిల్ల నోరు తెరిచి అంది, ఇప్పుడు గనక లోకం వెనక్కి తగ్గకపోతే ఆ మాట ఇక రాదు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. చద్దరు అత్తమ్మ చేతుల్లో ఉంది.

అత్తమ్మ చద్దరు తీసేసింది. తీసి చంకలో పెట్టుకుంది.

"ఇన్నరా? వద్దంటుంది. జరుగుర్రి. గా చెయ్యి వదిలిపెట్టు అక్కా, వద్దంటుంది గద. గాలి రానియ్యుర్రి పిల్లకు."

పెద్దమ్మ చెయ్యి వదిలింది కానీ ఊరుకోలేదు. "మంచి పూట గా మాటేందే చెల్లె? అరిష్టం గాదు?"

"నా మన్మరాలు కొత్తింట్ల మాట్లాడింది. గింతకంటె మంచి పూట నాకెప్పుడొచ్చిందే?"

అక్క చాట పక్కన పెట్టి లోపలికి వచ్చి, జనానికీ పాపకూ మధ్య నిలబడింది. మా ఆయన ఫోను మళ్లీ పెట్టి గోడకు ఆనించాడు. నేను వంటింట్లోకి వెళ్లి తలుపు చాటున నోరు మూసుకుని ఏడ్చాను, గరిటె ఇంకా చేతిలోనే ఉంది. మాటలు పోలేదు. పోకపోగా ఒకటి వచ్చింది.

వచ్చిన మాటను పాప ఊరికే ఉండనివ్వలేదు. లడ్డూ తెచ్చినవాళ్లను వద్దంది. కుంకుమ పెట్టబోయినవాళ్లను వద్దంది. నేను మంచినీళ్లిస్తే వద్దని, నేను వెనక్కి తగ్గాక "నీళ్లు" అని పిలిచి తాగింది. పరీక్ష పెడుతోందన్నమాట. అత్తమ్మ దాని పక్కనే, చెయ్యి అందనంత దూరంలో కూర్చుని, అన్నప్పుడల్లా వచ్చినవాళ్లను వెనక్కి పంపింది. మా ఆడపడుచు కొడుకు కావాలనే లడ్డూ పట్టుకుని మళ్లీ మళ్లీ వస్తే చెవి మెలేసి పంపింది.

అందరూ తిని వెళ్లాక చివరికి మేమిద్దరం అన్నానికి కూర్చున్నాం, అత్తాకోడళ్లం. ఆ రెండు రోజులూ మేం సరిగా మాట్లాడుకోలేదు. ఆమె ఒళ్లో చద్దరు మడతపెట్టి ఉంది.

"ఇయాల్టి సంది దీన్ని నేను కప్పుకుంట" అంది. "నా వొంటికి రాసుకుని రాసుకుని మెత్తగైతది. అయినంక దానికిస్త. దానంతట అది గుంజుకుంటెనే."

ఇప్పుడు ఆ చద్దరు పాప మూలలోనే ఉంది. ఒక వానాకాలమంతా పట్టింది. ఆరోజు మాత్రం, మాట రానప్పుడు మా ఇళ్లల్లో చేసేదే నేనూ చేశాను, గిన్నె దగ్గరికి లాక్కుని ఆమె పళ్లెంలో ఇంకో గరిటె అన్నం వడ్డించబోయాను.

అత్తమ్మ కిటికీ వైపు చూసింది. పాప మాకేసే చూస్తోంది. ఆమె ఎంగిలి చెయ్యి పక్కకు తీసి, ఎడమ అరచెయ్యి పళ్లెం మీద అడ్డంగా చాపింది.

"వద్దు" అంది, పాపకు వినపడేలా.

నేను గరిటె వెంటనే వెనక్కి తీసుకున్నాను.